గొడ్డు ధర పెరిగింది, పెంచినవాని గోడు తీరలేదు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలలో ఏ సంతకు పోయినా ఒకటే మాట వినపడుతున్నది. గొడ్లు పిరమైనవి. పాలిచ్చే బర్రెను అడిగితే లక్ష రూపాయల మాట మాట్లాడుతున్నారు. నాలుగు పండ్ల కోడెలను జతగా కొనాలంటే పేద రైతు చేతకావడం లేదు. కోతకు పోయే ముసలి గొడ్డుకు కూడ పదేళ్ల కిందటి ధర లేదు, పెరిగింది.

ధర పెరిగితే పశువులు పెంచేవానికి మంచిదే గదా అని కొందరు అంటారు. పత్తికి ధర వచ్చిందన్నప్పుడు, మిరపకు ధర వచ్చిందన్నప్పుడు కూడ ఇట్లాగే అన్నారు. తీరా చూస్తే సరుకు రైతు ఇంట్లో వున్నప్పుడు ధర లేదు, ధర వచ్చేనాటికి రైతు ఇంట్లో సరుకు లేదు. పశువుల సంగతి కూడ అంతే. వ్యవసాయ కార్మికుల ఇళ్లలో ఈ సంగతి ఒక్క ముక్కలో చెబుతారు: "అగ్గువకు అమ్ముకుంటున్నం, పిరానికి కొనుక్కుంటున్నం." ఈ ముక్క వెనుక వున్న లెక్క ఏమిటో విప్పి చూడవలసిన అవసరం వున్నది.

భూమి వున్నవానికి గొడ్డు వ్యవసాయానికి తోడు. భూమి లేనివానికి గొడ్డే ఆస్తి. బిడ్డ పెండ్లికి, ఆసుపత్రి ఖర్చుకు, పిల్లవాని ఫీజుకు చేతిలో పైసా లేనప్పుడు కొట్టంలో కట్టేసిన బర్రె వైపు చూస్తాడు కూలీ. బ్యాంకులో పొదుపు వున్నవాడు తనకు వీలైనప్పుడు తీసుకుంటాడు. గొడ్డు రూపంలో పొదుపు వున్నవాడు ఆపద వచ్చినప్పుడు తీసుకుంటాడు. ఈ రెండింటికీ వున్న తేడాయే దళారికి లాభం.

సంతలో జరిగేది

పశువుల బేరం ఎట్లా జరుగుతుందో మన పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. తువ్వాల కింద చేతులు పెట్టి, వేళ్లు పట్టి ధర చెప్పుకుంటారు. పక్కన నిలబడ్డవానికి ఏ ధరకు తెగిందో తెలియదు. దళారి అమ్మేవాని దగ్గర ఒక మాట, కొనేవాని దగ్గర ఒక మాట మాట్లాడి ఇద్దరి దగ్గరా తీసుకుంటాడు. బేరగాడు పండ్లు చూసి వయసు చెబుతాడు, పక్కటెముకల మీద చెయ్యి వేసి మాంసం ఎన్ని కిలోలు పడుతుందో మనసులో లెక్క కడతాడు. ఆ లెక్క అతనికి తెలుసు. మూడేండ్లు మేపినవానికి తెలియదు. వడ్లకు కాటా వున్నది, పత్తికి కాటా వున్నది. పెద్ద పశువుకు మాత్రం కన్నే కాటా. ఆ కన్ను కొనేవానిది.

ఇక కాలం సంగతి. కూలీ గొడ్డును అమ్మేది ఎప్పుడు? ఎండాకాలంలో. గట్ల మీద గడ్డి ఎండిపోతుంది, కుంటల్లో నీళ్లుండవు, పొలం పనులు సన్నగిల్లి కూలి దొరకదు. ఆ మీదట బడులు తెరిచే రోజులు వస్తాయి. అందరి బాధా ఒక్కసారే కాబట్టి అందరూ ఒక్కసారే సంతకు తోలుకొస్తారు. ధర పడుతుంది. వానలు పడి గడ్డి మొలిచిన తర్వాత అందరూ కొనడానికి పోతారు. ధర లేస్తుంది. 2015-16 కరువు ఏడాదిలో మేత లేక, నీళ్లు లేక గొడ్లను తెగనమ్ముకున్నవారు ఆ తర్వాత అదే ధరకు మళ్లీ ఒక్కదాన్ని కొనలేకపోయారు. ఒక్క కరువు ఒక కొట్టాన్ని ఖాళీ చేస్తే దాన్ని నింపడానికి ఏండ్లు పడుతుంది.

బర్రె లెక్క

కాగితం మీద ఒక లెక్క వేద్దాం. ఇది ఊహించి వేసిన లెక్క. మీ ఊరి ధరలు పెట్టి మీరే సరిచూసుకోండి.

ఒక కూలీ కుటుంబం 80,000 రూపాయలు అప్పు తెచ్చి పాడి బర్రెను కొన్నదనుకుందాం. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. ఏడాదికి వడ్డీ 19,200 రూపాయలు. బర్రె రోజుకు ఆరు లీటర్ల చొప్పున ఎనిమిది నెలలు పాలిచ్చిందనుకుందాం. మొత్తం 1,440 లీటర్లు. లీటరు 45 రూపాయలకు పోస్తే వచ్చేది 64,800 రూపాయలు. ఇంట్లో పిల్లలకు ఒక్క గ్లాసు కూడ తాపలేదని లెక్క.

ఖర్చు చూద్దాం. పాలిచ్చే 240 రోజులకు గడ్డి, తవుడు, చెక్క కలిపి రోజుకు 150 రూపాయలు వేస్తే 36,000. వట్టిపోయిన 125 రోజులకు రోజుకు 80 రూపాయలు వేస్తే 10,000. మేత ఖర్చు 46,000, వడ్డీ 19,200. మొత్తం 65,200 రూపాయలు. అంటే పాల డబ్బు అంతా పోను ఇంకా నాలుగు వందలు ఎదురు పెట్టవలసి వచ్చింది! తెల్లవారుజామున లేచి పేడ తీసిన చేతులకు, మధ్యాహ్నం గట్ల వెంట గడ్డి కోసిన చేతులకు, రెండు పూటలా పాలు పితికిన చేతులకు ఒక్క రూపాయి కూలి పడలేదు. ఆ చేతులు చాలా ఇళ్లలో ఆడవాళ్లవే. గొడ్డును సంతకు తోలుకుపోయి డబ్బు లెక్కబెట్టుకునేది మాత్రం మగవాళ్లు. ఈ సంగతి మన సంఘాలలో కూడ మాట్లాడుకోవాలి.

మరి ఈ లెక్క తెలిసీ కూలీలు బర్రెలు ఎందుకు పెంచుతున్నారు? రెండింటి మీద ఆశతో. ఒకటి దూడ. రెండవది, బర్రెను తిరిగి అమ్మితే వచ్చే ధర. 80,000కు కొన్నదాన్ని మళ్లీ చూడి మీద 80,000కు అమ్మగలిగితే అసలు దక్కుతుంది, దూడ లాభం. అదే బర్రె చూడి కట్టక, వట్టిపోయి, కోతకు పోయే ధరకు, 30,000కు అమ్ముకోవలసి వస్తే యాభై వేల అప్పు నెత్తిన మిగులుతుంది. కాబట్టి పశువు పెంచేవాని బతుకు పాల ధర మీద ఎంత ఆధారపడి వున్నదో, వట్టిపోయిన గొడ్డు ధర మీద కూడ అంతే ఆధారపడి వున్నది. ముసలి గొడ్డుకు కొనేవాడు వుంటేనే పడుచు గొడ్డుకు పెట్టుబడి పుడుతుంది. ఇది అర్థం చేసుకోకుండా పశుపోషణ గురించి ఎన్ని ఉపన్యాసాలిచ్చినా ప్రయోజనం లేదు.

చట్టము, చెక్‌పోస్టు, భయము

ముసలి గొడ్డును ఎవరు కొంటారు? కోతకు కొంటారు. ఈ మాట చెప్పడానికి మొహమాటం అక్కరలేదు. ఈ విషయంలో మన రాష్ట్రంలో అమలులో వున్నది 1977 నాటి ఆంధ్రప్రదేశ్ గోవధ నిషేధ, పశు సంరక్షణ చట్టం. తెలంగాణ ఏర్పడిన తర్వాత కూడ ఇదే కొనసాగుతున్నది. దీని ప్రకారం ఆవును, ఆవుదూడను, బర్రెదూడను కోయరాదు. ఎద్దు, దున్నపోతు, బర్రె పనికి, పాడికి, ఎదకు పనికిరావని అధికారి ధ్రువపత్రం ఇస్తే కోయవచ్చు. అంటే వట్టిపోయిన బర్రెను, పనికిరాని ఎద్దును అమ్ముకోవడం నేరం కాదు. కొనడమూ నేరం కాదు.

సుప్రీంకోర్టు 1958లోనే, పనికిరాకుండా పోయిన ఎద్దులను, బర్రెలను కోయడాన్ని పూర్తిగా నిషేధించడం సబబు కాదన్నది. పనికిరాని పశువులు ఉన్న కొద్దిపాటి మేతను తింటే పనికివచ్చే పశువులు మాడతాయన్నది ఆనాటి వాదనలలో ఒకటి. 2005లో గుజరాత్ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం మెజారిటీతో ఆ వైఖరిని మార్చి ఆ రాష్ట్రపు పూర్తి నిషేధాన్ని సమర్థించింది. అయితే మన రాష్ట్రపు చట్టం మాత్రం మారలేదు.

2017 మే నెలలో కేంద్ర ప్రభుత్వం పశువుల సంతలపై కొత్త నిబంధనలు తెచ్చింది. సంతలో కోతకు పశువును అమ్మరాదు. అమ్మేవాడు ఆ మేరకు రాసి ఇవ్వాలి. కొనేవాడు తాను వ్యవసాయదారుడినని రుజువు చూపాలి. బర్రెలను కూడ ఇందులో చేర్చారు. అంతేగాక రాష్ట్ర సరిహద్దుకు 25 కిలోమీటర్ల లోపల పశువుల సంతే వుండరాదన్నారు. కోదాడ దాటి రామాపురం క్రాస్‌రోడ్డుకు పోతే ఆంధ్ర సరిహద్దు. 2014 జూన్ 2కు ముందు అక్కడ రాష్ట్ర సరిహద్దే లేదు. కృష్ణా, గుంటూరు ప్రాంతాల నుండి పశువులు, బేరగాళ్లు అడ్డు లేకుండా వచ్చిపోయేవారు. ఆ నిబంధన అమలయి వుంటే కోదాడలో పశువుల సంత అన్న మాటే వుండేది కాదు. ఢిల్లీలో స్కేలు పెట్టి గీత గీసినవారికి ఈ గీత ఎవరి కొట్టం మీదుగా పోతున్నదో పట్టలేదు. మద్రాసు హైకోర్టు మదురై బెంచి మొదట స్టే ఇచ్చింది. 2017 జులైలో సుప్రీంకోర్టు ఆ స్టేను దేశమంతటికీ వర్తింపజేసింది. నిబంధనలు నిలిచిపోయినవి.

నిబంధనలు నిలిచిపోయినా భయం నిలిచిపోలేదు. బక్రీద్ వచ్చిందంటే హైదరాబాదు పోయే దారుల్లో చెక్‌పోస్టులు వెలుస్తాయి. కాగితాలన్నీ సరిగా వున్న బండిని కూడ గోరక్షకులమని చెప్పుకునేవారు ఆపి, డ్రైవరును కొట్టిన సంఘటనలు దేశంలో ఎన్నో జరిగినవి. దీని భారం ఎవరి మీద పడుతుంది? బేరగాడు నష్టపోతాడని కొందరు సంతోషిస్తారు. బేరగాడు తెలివిగలవాడు. దారిలో ఎంత భయమో అంత కోత సంతలోనే కోస్తాడు. బండి ఆగితే పోయే డబ్బు, చేతులు తడపడానికి పోయే డబ్బు, అన్నీ ముందే లెక్కగట్టి గొడ్డు ధరలో తగ్గించుకుంటాడు. కాబట్టి బాట మీద లారీని ఆపినవాడు నిజానికి కొట్టం ముందు నిలబడ్డ కూలీ జేబులో చెయ్యి పెడుతున్నాడు.

ఆవును కొలిచేవారి నమ్మకాన్ని మేము తప్పుపట్టడం లేదు. మన రైతు కూడ ఎద్దుకు పసుపు రాసి, కొమ్ములకు రంగు వేసి దండం పెట్టేవాడే. "గొడ్డొచ్చిన వేళ, బిడ్డొచ్చిన వేళ" అని కోడలితో సమానంగా చూసుకునేవాడే. మేము అడిగేది ఒక్కటే. పనికిరాని ఎద్దును చచ్చేదాకా మేపాలన్నవారు ఆ మేత ఖర్చు ఎవరు భరించాలో చెప్పాలి. ఆ మాట చెప్పకుండా అమ్మకాన్ని అడ్డుకుంటే ఆ గొడ్డు రాత్రిపూట రోడ్డు మీదకు వదిలివేయబడుతుంది. మరుసటి ఏడు ఆ ఇంట్లో కొత్త గొడ్డును కొనరు.

లెక్కలు కూడ ఈ మాటే చెబుతున్నవి. 2012 పశుగణనలో దేశంలో గోజాతి మగ పశువులు 6.79 కోట్లు. 2019 నాటికి 4.74 కోట్లు. ఏడేండ్లలో దాదాపు 30 శాతం తగ్గినవి. తెలంగాణలో గోజాతి పశువులు సుమారు 49 లక్షల నుండి 42 లక్షలకు పడిపోయినవి. బర్రెలు మాత్రం 42 లక్షల దగ్గర నిలబడినవి. ఇందుకు ట్రాక్టరు ముఖ్య కారణం, కాదనము. కాని అమ్ముకోను వీలులేని గొడ్డును ఎవరూ పెంచరన్నది కూడ కారణమే.

దున్నదూడ సంగతి

బర్రెకు పడ్డదూడ పుడితే ఇంట్లో సంతోషం. దున్నదూడ పుడితే మొహాలు ముడుచుకుంటాయి. దూడ తాగే పాలను డెయిరీకి పోస్తే పైసలు వస్తాయి. దున్నదూడ తాగితే ఏం వస్తుంది? దుక్కికి దున్నపోతు అవసరం పోయింది. అందుచేత రెండు మూడు నెలలు బర్రె చేపడానికి దూడను వాడుకుని, తర్వాత పట్టించుకోరు. నట్టలు పట్టి, బక్కచిక్కి చస్తుంది. చట్టం దూడను కోయరాదంటున్నది. ఆకలి మాత్రం చట్టం చదువుకోలేదు.

ఆ దున్నదూడనే రెండున్నర, మూడేండ్లు పెంచితే మంచి ధర పలుకుతుందని అందరికీ తెలుసు. పదకొండో పంచవర్ష ప్రణాళిక కాలంలో కేంద్రం దున్నదూడలను కాపాడి పెంచే పథకం ఒకటి పెట్టింది. ఆలోచన సరైనదే. కాని పథకం పేరు కూడ మన పల్లెల కూలీల చెవిన పడలేదు. తెలంగాణ ప్రభుత్వం 2017లో గొర్రెల పంపిణీ పెట్టి, 1,25,000 రూపాయల యూనిట్‌కు 75 శాతం సబ్సిడీ ఇచ్చింది. నాలుగేండ్లకు యూనిట్ ధరను 1,75,000కు పెంచవలసి వచ్చింది. అందులో జరిగిన అక్రమాల మాట అట్లుంచుదాం. మాంసానికి జీవాలను పెంచడం గౌరవమైన వృత్తి అని ప్రభుత్వమే ఒప్పుకున్నది గదా. మరి గొర్రె విషయంలో ఒప్పుకున్నది దున్నపోతు విషయంలో ఎందుకు నోరు మెదపదు? దున్నపోతును పెంచేవారిలో, పెద్దకూర తినేవారిలో ఎక్కువ మంది దళితులు, ముస్లిములు, పేదలు కావడమే కారణమని మేము భావిస్తున్నాము.

నీళ్లు వచ్చినవి, మేత పోయింది

1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ భూములు వరి మాగాణులైనవి. ఇది గొప్ప మేలు, ఎవరూ కాదనరు. అయితే బీడు పోయింది. గొడ్లు మేసే బంచరాయి భూములు కొంత సాగులోకి, కొంత పెద్దల పట్టాల్లోకి, ఆ తర్వాత ప్లాట్లలోకి పోయినవి. పశువుల కాపరికి గొడ్లను తోలుకుపోయే చోటు లేకుండా పోయింది.

సరే, వరి వున్నది గనుక వరిగడ్డి వుంటుందనుకున్నాం. చేతికోతల రోజుల్లో కూలీకి గడ్డి మోపు దక్కేది. కోతమిషన్లు వచ్చిన తర్వాత గడ్డి చేనంతా చెదిరిపోతున్నది. మిషన్‌తో చుట్టలు కట్టించగలిగినవాడు అమ్ముకుంటున్నాడు, లేనివాడు నిప్పు పెడుతున్నాడు. మిర్యాలగూడ చుట్టూ రైసుమిల్లులు బారులు తీరి వున్నవి. అక్కడి తవుడు నూనె తీసే ఫ్యాక్టరీలకు పోతున్నది. ఆ వడ్లు నాటిన ఆడమనిషి తన బర్రెకు తవుడు కావాలంటే దుకాణంలో బస్తా లెక్కన కొనుక్కోవాలి. ఇక గట్టు మీద గడ్డి మిగిలింది. దాని మీద గడ్డిమందు కొడుతున్నారు. కొట్టనిచోట కోసుకోనివ్వాలంటే ఒక పూట ఉత్తపని చెయ్యాలనే ఆసాములు ఇప్పటికీ వున్నారు. వెట్టికి వ్యతిరేకంగా పోరాడిన గడ్డ మీద ఇది గడ్డి రూపంలో బతికి వున్న వెట్టి.

పైధర ఎవరికి పోతున్నది?

గొడ్డు ధరలో ఎగుడుదిగుడులు మన సంతలోనే పుట్టవు. మన దేశం ఆవుమాంసాన్ని ఎగుమతి చేయదు, బర్రెమాంసాన్ని చేస్తుంది. వియత్నాం, మలేషియా, ఈజిప్టు, ఇండోనేషియా కొంటున్నవి. 2014-15లో సుమారు 14.8 లక్షల టన్నులు పోయింది. 2019-20 నాటికి అది 11.5 లక్షల టన్నులకు దిగింది. 2020లో కరోనా వచ్చి సంతలు, రవాణా బందయినప్పుడు కొనేవాడే లేడు. 2024-25లో ఎగుమతి విలువ మళ్లీ 400 కోట్ల డాలర్ల మేరకు చేరింది. ఏ దేశమో ఓడలను ఆపితే కోదాడ సంతలో బర్రె ధర పడుతుంది. ఓడలు కదిలితే ధర లేస్తుంది. లేచిన ధర మాత్రం ఎగుమతిదారుని గిడ్డంగి నుండి కూలీ కొట్టం దాకా దిగి రావడానికి నాలుగు చేతులు మారుతుంది. ప్రతి చెయ్యీ కొంత ఉంచుకుంటుంది. పడిన ధర మాత్రం ఒక్క పూటలో దిగి వస్తుంది.

ఇది మన ఒక్కరి గతి కాదు. అమెరికాలో 2025 జనవరి నాటికి పశువులు 8.67 కోట్లకు తగ్గినవి. 1951 తర్వాత ఇంత తక్కువ ఎన్నడూ లేదు. కరువుతో, మేత ఖర్చుతో అక్కడి రైతులు మందలను అమ్ముకున్నారు. ఇప్పుడు ధరలు ఆకాశాన్నంటినవి. కాని బలిపించిన పశువులలో దాదాపు 85 శాతం కొని కోసేది నాలుగు కంపెనీలు. 2014లో కూడ అక్కడ ధర ఇట్లాగే పెరిగింది. ఆ ఊపులో మందలు పెంచినవారు 2016 నాటికి ధర కూలి దెబ్బతిన్నారు. కొనేవారు నలుగురే అయినచోట వేలమంది పెంచేవారికి బలం వుండదన్నది అక్కడా నిజమే, ఇక్కడా నిజమే.

మధ్యలో తినేవాని సంగతి మరవరాదు. కూలీ ఇంట్లో పెద్దకూర ఒకప్పుడు అందుబాటులో వున్న మాంసం. ఆదివారం కిలో తెచ్చుకుని, మిగిలింది తునకలు చేసి ఎండబెట్టుకునేవారు. ఇప్పుడు అది కూడ చేతికి అందకుండా పోతున్నది. పెంచినవానికి ధర దక్కలేదు, తినేవానికి కూర దక్కలేదు. చాలా ఇళ్లలో ఈ ఇద్దరూ ఒక్కరే.

ఏమి అడగాలి, ఏమి చెయ్యాలి?

మొదటిది, ప్రతి పశువుల సంతలో కాటా పెట్టాలి. కోతకు పోయే పశువును తూచి, కిలోకు ఇంత అని పలక మీద రాసి, రసీదు ఇవ్వాలి. తువ్వాల కింద బేరం పోవాలి. సంతలో రుసుం వసూలు చేసేవారికి ఈ ఏర్పాటు చేయడం బరువు కాదు.

రెండవది, సంత రోజున పశువైద్యుడు అక్కడే వుండి, 1977 చట్టం కింద ధ్రువపత్రానికి ఏ పత్రాలు కావాలో అక్కడికక్కడే చూడాలి. కాగితం వున్న బండిని ఆపి దౌర్జన్యం చేసేవారిపై పోలీసులు కేసులు పెట్టాలి.

మూడవది, ఎండాకాలంలో మేత డిపోలు తెరవాలి. కోతలప్పుడే వరిగడ్డిని సహకార సంఘాల ద్వారా సేకరించాలి. మిల్లు గేటు ధరకు తవుడులో కొంత వాటాను పశుపోషకుల సంఘాలకు ఇప్పించాలి. బంచరాయి భూములను సర్వే చేసి, ఆక్రమణలు తొలగించి, ఊరుమ్మడి మేతకు వదలాలి.

నాలుగవది, అప్పు. 2018-19 నుండి కిసాన్ క్రెడిట్ కార్డును పశుపోషకులకు కూడ వర్తింపజేశారు. భూమి లేనివారు, కౌలుదారులు కూడ అర్హులే. మేత, మందుల ఖర్చుకు రెండు లక్షల వరకు 7 శాతం వడ్డీకి ఇవ్వాలి, సకాలంలో కడితే 4 శాతమే పడుతుంది. బ్యాంకువాళ్లు పాసుబుక్కు అడిగి తిప్పి పంపితే ఊరుకోరాదు. పది దరఖాస్తులు కలిపి తీసుకుపోవాలి. పశువును కొనడానికి కూడ ఇదే వడ్డీకి అప్పు ఇవ్వాలని కోరాలి. పైన వేసిన లెక్కలో 19,200 వడ్డీ ఎంత పని చేసిందో చూశారు గదా.

ఐదవది, టీకా, చెవిపోగు. గాలికుంటు టీకా ఏడాదికి రెండుసార్లు ఉచితంగా వేయాలి. ఇందుకు 2019లో 13,343 కోట్లతో జాతీయ కార్యక్రమం పెట్టారు. మీ ఊరికి వచ్చిందా లేదా పంచాయతీలో అడగండి.

ఇవన్నీ ప్రభుత్వం తానై ఇచ్చేవి కావు. మనవాళ్లు చెయ్యదగ్గ పని కూడ ఒకటున్నది. సంతకు ఒక్కరొక్కరుగా పోవద్దు. ఊరి నుండి పదిమంది కలిసి పొండి. ఎవరి గొడ్డు ఎంతకు తెగిందో బహిరంగంగా చెప్పుకోండి. ఎండాకాలంలో ఎవరింట్లో అవసరం పడిందో తెలుసుకుని, సంఘం నిధి నుండి రెండు నెలలు చేబదులు ఇవ్వగలిగితే ఆ బర్రె వానలు పడేదాకా కొట్టంలోనే వుంటుంది. ఆ రెండు నెలలే దళారి లాభం. ఆ రెండు నెలలు మనం నిలబడగలిగితే పెరిగిన ధరలో కొంతైనా పెంచినవాని ఇంటికి వస్తుంది.

ఎద్దు ఏడ్చిన ఎవుసం, రైతు ఏడ్చిన రాజ్యం బాగుపడవని మన పెద్దలు చెప్పారు. ఎద్దు వెనక కన్నీరు పెట్టుకుంటున్న కూలీని కూడ ఆ మాటలో చేర్చుకోవాలి. వచ్చే ఎండాకాలానికి ఇంకా వ్యవధి వున్నది. ఈలోగానే ఊరూరా కూర్చుని లెక్కలు వేసుకోవలసిందిగా కార్యకర్తలను కోరుతున్నాము.